చేతికి సరిపోయే పిస్తోలు

"ఇంకోసారి పట్టుకో పద్మినీ. బరువుందా?" అన్నాడు భర్త శశికాంత్.

అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని ఆ తుపాకుల షాపులో, పద్మిని ఖాళీ పిస్తోలును పప్పుగరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"లేదండీ."

"పేల్చినా పెద్దగా వెనక్కి తన్నదట. కీళ్లనొప్పులున్న చేతులకి బావుంటుందట. పైన స్లైడ్ లాగి చూడు."

లాగింది. మణికట్టు నొప్పి ఉన్నా సులువుగానే కదిలింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన చేతినొప్పి గురించి ఆయన ఇంతగా ఆలోచించడం ఇదే మొదలు. పద్మిని మనసు కరిగిపోయింది.

"అన్నీ నా చేతికే పెట్టి చూస్తున్నారు. మీరూ ఒకసారి పట్టుకోండి."

"నాకెందుకే? రాత్రి దొంగల చప్పుడైతే కిందికెళ్లి చూసేది నువ్వేగా!"

మొన్న ఫ్రిజ్‌లో ఐస్ పడ్డ చప్పుడుకి, దుప్పటి ముసుగులోంచి తనను మంచం మీంచి తోసిన చెయ్యి ఆమెకు గుర్తొచ్చింది. పిస్తోలును నెమ్మదిగా కౌంటర్ మీద పెట్టి, షాపతనితో ఇంగ్లీషులో అంది:

"మా ఆయన చేతికి సరిపోయేది చూపించండి. ఇకనుంచి కిందికెళ్లేది ఆయనే."

శశికాంత్ అప్పటికే జేబులోంచి కారు తాళం తీశాడు.

"మనకెందుకే ఈ తుపాకుల గోల? తలుపుకి ఇంకో గడియ పెట్టించుకుంటే పోలా!"