కంచె కాడి ముసలామె

"సార్, దొరికింది," అన్నడు వాచ్‌మన్ మొండయ్య, రొప్పుకుంట.

సంజీవ్ సార్ చాయ్ గ్లాసు పక్కకు పెట్టి లేచిండు.

ఆయన గుట్టమీది ఆశ్రమశాలకు, అంటే కొలాం గిరిజన పిల్లలు అక్కడ్నే ఉండి చదివే బడికి, హెడ్‌మాస్టర్. చంద్రపూర్ టౌన్ల, తుకుం పేటల సొంతిల్లు. ఆ ఇంటిని, కొత్తగ పెట్టిచ్చిన కేబుల్ టీవీని వదిలి బదిలీ మీద జివతి గుట్టల దిక్కు వచ్చిండు పాపం. వచ్చిన సంది ఎవలను చూసినా అనుమానమే.

బడి ఎనుక కంచె అవతల ఒక ముసలామె కూసున్నది. కొలాం మనిషి. ఇవతల ఒకటో తరగతి పిల్లలు.

బడిల పిలిస్తే పలకని పిల్లలు ఆమె కాడ కిలకిల నవ్వుతున్నరు.

సార్‌ను చూడంగనే నవ్వులు బందైనయి.

"ఏం చెప్తున్నవు పిల్లలకు?" తెలుగుల అడిగిండు. మరాఠీల అడిగిండు.

ఆమె సమజైనట్టు తలూపి, కొలామీ భాషల ఏందో అన్నది. సార్‌కు ఒక్క ముక్క సమజైతే ఒట్టు.

పిల్లలకు సమజైంది. కని బడిల ఆ భాష మాట్లాడితే బెత్తం దెబ్బలు. అందరు తలకాయలు కిందికేసిన్రు.

"గీమెనే సార్," మొండయ్య చెవుల చెప్పిండు. "పిల్లలు పారిపోయినప్పుడల్ల గీ ముసల్దే చెయ్యి పట్టుకొని తొవ్వంట నడుస్తుంటే చూసిన్రట."

ఆ యేడు పిల్లలు ఊకె పారిపోతున్నరు. పొద్దుగాల మాయమైనోళ్లను పొద్దుమూకేటాళ్లకు మొండయ్య పట్టుకొచ్చేటోడు. "అడివంత దేవులాడిన సార్" అనేటోడు. సార్ భుజం తట్టేటోడు. తట్టడా మరి? ఒకటో తరగతి ఖాళీ అయితే బడి మూసేస్తమని జిల్లా ఆఫీసోళ్లు చెప్పిపోయిన్రాయె.

ఒకటో తరగతి చెప్పే ప్రతిభ మేడం మెల్లగ అన్నది. "సార్, ఈమె వచ్చిపోయిన దినం పిల్లలు పాఠం మంచిగ చెప్తున్నరు."

"అదే నా అనుమానం. మీరు గంటలకొద్ది చెప్తే రాని పాఠం, ఆమె వచ్చిపోతే ఎట్లొస్తది? ఏమన్న తినవెడుతున్నదేమో."

ఒడి ఇప్పి చూపెట్టుమన్నరు. సీతాఫలాలు రాలినయి. సార్ ఒకటి పగలగొట్టి లోపల కూడ చూసిండు.

"పిల్లల్ని పనులకు తోలుకపోయే బ్రోకర్లున్నరు సార్. గిట్లాంటోళ్లనే ముందుగాల పంపుతరు," అన్నడు మొండయ్య.

ఇగ సార్ ఆగలె. "ఇంకోసారి కంచె కాడ కనవడితే ఠాణాకు పంపిస్త," అన్నడు వేలు చూపెట్టి.

ఠాణా అంటే ఏందో ఆమెకు తెలుసు. లేచింది. పండ్లు ఏరుకోలె. సార్ మొఖం చూసి మెల్లగ ఏందో అని, గుట్ట దిక్కు నడిచింది.

"శాపం పెట్టింది సార్," అన్నడు మొండయ్య.

సార్‌కు లోపల గుబులైంది. పైకి నవ్విండు. తెల్లారి కంచె పొడుగునా ముండ్లకంప కట్టిచ్చిండు.

ఆ వారమే ఒకటో తరగతి పిల్ల లచ్చు పారిపోయింది. ఆమె ఎంబడి ఇంకో నలుగురు.

పొద్దుమూకింది.

"ఇంకా ఇక్కడ్నే ఉన్నవేంది? పోయి పట్టుకరా," అన్నడు సార్.

మొండయ్య తల గోక్కున్నడు. "సార్, నేనెన్నడు అడివికి వోలె. పొద్దుమూకంగ వాళ్లే గేటు కాడ నిలవడి ఉండేటోళ్లు. లోపలికి తెచ్చుడే నా పని."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల గేటు కాడ ఎవలు లేరు."

సార్‌కు కోపమొచ్చింది. మొండయ్య మీద కొంత, ముసలామె మీద కొండంత. శాపం తగిలిందనే అనుకున్నడు.

తెల్లారి మొండయ్యను ఎంటవెట్టుకొని లచ్చు వాళ్ల గూడేనికి పోయిండు. లచ్చు వాకిట్ల నాయిన భీము పక్కన కూసోని ఉన్నది.

"ఏది ఆ ముసల్ది?"

"లేదు సారూ," అన్నడు భీము. "ఠాణా అంటిరట గద. భయపడి బిడ్డ కాడికి వోయింది, గుట్టలవతల ఆంధ్ర దిక్కు. ఇగ రానన్నది."

"సూసిన్రా సార్," అన్నడు మొండయ్య. "తప్పు చెయ్యకుంటే ఎందుకు పారిపోతది?"

సార్ లచ్చు ముంగట గొంతుకూసున్నడు. "ఆ దినం నన్ను చూసి ఏమన్నది? శాపమేనా?"

లచ్చు చేతులు ఎనుకకు దాసుకున్నది.

"కొట్టను. మీ మాటల్నే చెప్పు."

సార్ ఆ ముక్క అనుడు అదే మొదలు. లచ్చు నాయిన దిక్కు తిరిగి గడగడ చెప్పింది.

భీము దాన్ని తెలుగుల చెప్పిండు, సార్ మొఖం చూడకుంట.

"'పిల్లలు ఇంటికి ఉరికొస్తే నేనే తొవ్వల ఆపి, మీ పాఠం మా మాటల చెప్పి, మల్ల మీ గేటు కాడ ఇడిసిపెడుతున్న సారూ, నేను రాకుంటే ఇగ ఎవలు తోలుకొస్తరు?' అన్నదట."