గొళ్ళెంలో తీగ

"నిచ్చెనకి ఒక మెట్టు ఎక్కువైంది తల్లీ!"

చూడ్డానికొచ్చిన ఒకాయన ఎత్తిచూపాడు. పొద్దున్నుంచి ఇది నాలుగో తప్పు. లార్నా నవ్వి, చిన్న పుస్తకంలో రాసుకుంది.

ఒహాయోలో, మేరియన్ ఊరి ఎగ్జిబిషన్ హాల్లో నమూనా రైళ్ళ పోటీ. ఆమె బల్ల మీద ఉన్నది ఒక్కటే పెట్టె. నలభై ఏళ్ళనాటి ఉక్కు గూడ్స్ పెట్టెని అచ్చుగుద్దినట్టు అరచెయ్యంత చేసింది. రివెట్లు ఒక్కొక్కటీ సూదిమొనతో పొడిచింది. నంబరు కూడా అసలుదే.

"పదకొండేళ్ళుగా దీన్నే ఊరూరా తిప్పుతున్నావ్," పక్క బల్ల మార్జరీ గొణిగింది. "ఎవరేం చెప్పినా రాసుకుంటావ్, ఒక్కటీ దిద్దవు. అరగంటలో జడ్జీలొస్తారు. నీకు బహుమతి అక్కర్లేదా?"

రైల్వే టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు ఇటే వస్తున్నాడు. అలాంటివాళ్ళు ఎవరొచ్చినా లార్నా పుస్తకంలో కొత్త పేజీ తిప్పుతుంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగాడు. నంబరు చదివాడు. చాలాసేపు చూశాడు.

"రంగు భలే కుదిరింది. కానీ ఇదేంటమ్మాయ్, తలుపు గొళ్ళేనికి తీగ చుట్టావ్?"

"తీగ కాదా అండీ?"

"తీగేంటి, నా మొహం! పట్టాలకి కొట్టే మేకు. తల విరిగింది. అడ్డంగా దూర్చి ఉంటుంది."

"ఫొటోల్లో తలుపు సరిగ్గా కనపడలేదు."

"ఫొటోలేం చెప్తాయి? ఈ పెట్టె ఉన్న రైలు యార్డులోనే పనిచేసినవాణ్ణి, నాకు తెలీదా?"

లార్నా పెన్సిలు తీసింది. "మీ పేరు చెప్తారా? సలహా ఇచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాను."

"హార్లన్ టూమీ. సరిగ్గా రాయి, అందరూ తప్పు రాస్తారు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. ఆయన తృప్తిగా టీ కొట్టు వైపు వెళ్ళాడు.

మార్జరీ గొంతు తగ్గించింది. "లార్నా, మీ నాన్న పోయింది ఇలాంటి పెట్టెలోనే కదూ? తలుపు బిగుసుకుపోయి, చలికి..."

"ఈ నంబరు పెట్టెలోనే. బిగుసుకుపోయిందనే ఊరందరికీ చెప్పారు."

పుస్తకం మూసి, ఆమె గోడ ఫోను దగ్గరికి నడిచింది.

ఆ గొళ్ళెంలో మేకు ఉందని లార్నా కాక తెలిసినవాళ్ళు ఇద్దరే: దాన్ని పీకి దాచి, చచ్చిపోయేముందు లార్నా చెవిలో మాత్రమే వేసిన షెరీఫు, అంటే అప్పటి పోలీసు పెద్ద, ఒకడు, దూర్చినవాడు ఇంకొకడు.