పిడుగు పడిన రౌటరు

"లహరీ, ఆ డబ్బా జోలికెళ్ళావంటే ఊరుకోను!"

పోయినేడు మా ఊరు బాళగనూరులో పడిన పిడుగుకి మా పాత రౌటరు కాలిపోయిందట. అప్పట్నించీ కొత్తదాన్ని మా నాయనమ్మ తులసమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

ఆవిడ పొలానికి వెళ్ళగానే మొదలెట్టాను. రౌటరులోని కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, అందరూ ఉచితంగా వాడుకునే ఓపెన్‌సోర్స్‌ది ఎక్కించాలి. మూడు నిమిషాల పని. మధ్యలో కరెంటు పోతే మాత్రం రౌటరు ఇక లేవదు.

సగంలో ఫ్యాను ఆగిపోయింది.

చచ్చాన్రా దేవుడా అని కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే రౌటరు లైటు ఇంకా మిణుకుమిణుకుమంటోంది! దాని వైరు వెంట వెళ్తే, బీరువా వెనక వరికి మందుకొట్టే మిషను బ్యాటరీ కనిపించింది. అంతలో లాప్‌టాప్‌లో "పూర్తయింది" అని వచ్చింది. ఎగిరి గంతేశాను.

గుమ్మంలో నాయనమ్మ. "ఎక్కిందా?"

"బ్యాటరీ నువ్వే పెట్టావా?"

"పొద్దున్నే తగిలించాను. రెండ్రోజులుగా ఇది ఎక్కించే వీడియోలే చూస్తున్నావుగా."

"మధ్యలో కరెంటు పోకూడదని నీకెలా తెలుసు?"

నాయనమ్మ వీధిలోకి తొంగిచూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోయినేడు పిడుగెక్కడ పడిందే, పిచ్చిదానా! నేనూ ఇదే ఎక్కిస్తుంటే కరెంటు పోయింది."