ఉత్తకాళ్ళ పార్టీ

"పగలగొట్టు దేవదానం! లోపల నక్కినాడేమో చూద్దాం!" అని అరిచింది సౌభాగ్యమ్మ.

దేవదానం గునపం ఎత్తాడు. రెండు పోట్లకే షట్టరు పైకి లేచింది. మార్కాపురం బస్టాండు పక్కన నరసింహం దుకాణంలో మొన్నటిదాకా బోరు మోటార్లు వరసగా నిలబడి ఉండేవి. ఇప్పుడు ఒక్క నట్టు లేదు, బోల్టు లేదు. నరసింహమూ లేడు.

"ఐ.పి. పెట్టినాడంట వదినా!" అన్నాడు దేవదానం. "దివాలా తీసినానని కోర్టులో కాగితం ఇచ్చినాడంట. ఈ పొద్దే వాయిదా."

సౌభాగ్యమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పుల్లలచెరువు ఊరి అవతల ఆమెకున్నది ఎకరన్నర మిరప. నరసింహం పెద్ద కంపెనీ బిళ్ళ అంటించి అమ్మిన దొంగ మోటారు కాలి కూర్చుంది. ఆ ఊళ్ళో ఇంకో పదిహేను మందికీ అదే మోటారు, అదే గతి. అందరూ కలిసి కేసు వేశారు, గెలిచారు. కొత్త మోటార్లు ఇచ్చి తీరాలని వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. ఇంకో వారం నీళ్ళు పడకపోతే చేను నిలవదు. ఈలోపు దివాలా ఒప్పుకున్నారంటే ఆ తీర్పు నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదు.

"మొన్న గూడా కిర్రు చెప్పులేసుకుని బజారంతా కిర్రు కిర్రుమని తిరిగినాడు, దొంగ సచ్చినోడు!" అంది సౌభాగ్యమ్మ. "వాడికి ఐ.పి. పెట్టేంత తెలివి యాడిది? ఎవుడో నేర్పినాడు. వాడెవుడో నాకు తెలియాల."

అప్పుడే కారు వచ్చి ఆగింది. ప్లీడరు జీవానందం. మోసపోయిన కొనుగోలుదారుల తరఫున వాదించడంలో చుట్టుపక్కల పెద్ద పేరు. వీళ్ళ కేసు గెలిపించినవాడూ ఆయనే. దుమ్ము పడుతుందని కారు అద్దం సగమే దించాడు.

"ఏందమ్మా ఈ గోల? షట్టర్లు పగలగొడితే మోటార్లు వస్తాయా? ఆ మట్టి బుర్రలు ఇంట్లో పెట్టి రాకూడదా? దివాలాకి నేను అడ్డం పడతా గదా. పోయి నా ఆఫీసు వసారాలో చెప్పులు విడిచి, ఉత్తకాళ్ళతో కోర్టుకి రాండి."

"చెప్పులెందుకు సార్ విడవడం?" అంది సౌభాగ్యమ్మ.

"జడ్జి ముందర ఉత్తకాళ్ళతో నిలబడితే జాలి దానంతటదే వస్తాది. నా దగ్గరికొచ్చే పార్టీలందరికీ ఇదే చెప్తా. చట్టం మీకు అర్థమై చావదు గానీ, చెప్పింది చెయ్యండి."

కోర్టుకి ఎదురుగానే ఆయన ఆఫీసు. వసారాలో చెప్పులు కుప్ప పోసి, కాలే తారురోడ్డు మీద పరుగులాంటి నడకతో అందరూ కోర్టు చేరారు.

నరసింహం ముందే వచ్చి ఉన్నాడు. చిరిగిన చొక్కా, మాసిన గడ్డం, ఉత్తకాళ్ళు. పేరు పిలవగానే ఏడుపు ముఖం తగిలించుకుని బోనెక్కాడు. చవకబారు నాటకంలో వేషగాడైనా ఇంతకన్నా బాగా ఏడ్చేవాడు.

"ఆస్తి ఏమీ లేదా?" అడిగారు జడ్జి.

"కాళ్ళకి చెప్పులు గూడా లేవు సార్. కట్టుబట్టలతో మిగిలినా."

"ఈ పిటిషన్ నీ రాతలా లేదు. ఎవరు తయారు చేసిచ్చారు?"

"నేనే సార్. దేవుడి మీద ఒట్టు!"

జీవానందం లేచాడు. గౌను సర్దుకున్నాడు. ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు.

జడ్జి ఆశ్చర్యంగా చూశారు. "ఇంతమంది తరఫున అంతేనా మీ అభ్యంతరం?"

"అంతే సార్."

"భోజనం తర్వాత ఉత్తర్వు చెబుతాను."

జీవానందం తన పార్టీల వైపు కూడా చూడకుండా కారెక్కి ఇంటికి పోయాడు. కాళ్ళు బొబ్బలెక్కిన జనం చెప్పుల కోసం ఆయన వసారాకి వచ్చారు. ఎవరివి వాళ్ళు ఏరుకున్నారు. కుప్ప తరిగింది. అన్నిటికన్నా అడుగున ఒక జత మిగిలిపోయింది.

"ఇవెవరియ్యి వదినా?" అన్నాడు దేవదానం.

సౌభాగ్యమ్మ వంగి చూసింది. తన రబ్బరు చెప్పులు తీసి అతని చేతికిచ్చింది. "పట్టుకో. టీ తాగి కోర్టుకి పోదాం పాండి," అంది.

మధ్యాహ్నం జడ్జి కాగితం చేతిలోకి తీసుకున్నారు. నోరు తెరవబోతుండగా తలుపు దగ్గర చప్పుడు.

కిర్రు... కిర్రు... కిర్రు...

హాలంతా వెనక్కి తిరిగింది. తన పాదాలకి రెండింతలున్న మగవాళ్ళ తోలు చెప్పులు ఈడ్చుకుంటూ సౌభాగ్యమ్మ నడిచి వస్తోంది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?" కసిరారు జడ్జి.

ఆమె జవాబు చెప్పేలోపే నరసింహం ఎగిరి లేచాడు. "ఏయ్, అయ్యి నాయి! పనిగట్టుకుని కుట్టిచ్చుకున్నా! పట్టీలు తెగతాయి, ఇడువమ్మే!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

జడ్జి కాగితం కింద పెట్టారు. "చెప్పులు కూడా లేవన్నావే! ఎక్కడ దొరికాయమ్మా ఇవి?"

"ఒక వసారాలో అయ్యా. మా చెప్పులన్నిటికన్నా అడుగున. మాకు చెప్పినట్టే ఈయనకీ ఉత్తకాళ్ళతో కోర్టుకి పొమ్మని చెప్తే, మాకన్నా ముందే వచ్చి విడిచినట్టుండాడు."

ముందు వరసలో ఒకరు ఫైళ్ళు సంకలో పెట్టుకుని చప్పుడు కాకుండా లేస్తున్నారు.

"ఎవరి వసారా?"

పొద్దుటిదాకా 'సారు' అన్న నోటితోనే, వేలెత్తి చూపిస్తూ చెప్పింది సౌభాగ్యమ్మ.

"అదో, పారిపోతాండాడే, మా ప్లీడరు... ఆ జీవానందానిది!"