ఏడు బుగ్గలు, ఒకటే గీత

ఇంటికొకటి చొప్పున కొనుక్కొచ్చిన ఇరవై పాత వెండి నాణేలు. అన్నిటి మీదా ఒకే పాప మొహం.

వాటిలో ఏడింటికి మాత్రం ఎడమ బుగ్గ మీద గీత. ఏడింటికీ ఒకే చోట, ఒకే పొడవు.

గ్రేడరుకి బుర్ర తిరిగిపోయింది.

నాణెం ఎంత అరిగిందో, ఎక్కడ గీసుకుపోయిందో చూసి మార్కులెయ్యడం ఆయన పని. బజారంతా ఆయన్ని భూతద్దం అంటారు. ఒకసారి లెన్సులోంచి భార్యని చూసి "అంచుల్లో కాస్త అరుగుదల" అన్నాడు. ఆవిడ పుట్టింటికెళ్ళి నాలుగేళ్ళయింది. ఆయన మార్కు మాత్రం మార్చలేదు.

"ఎవడో పిచ్చోడు ఇల్లిల్లూ తిరిగి ఏడు నాణేలు గీశాడంటావా?" గల్లా దగ్గరున్న చెల్లెల్ని అడిగాడు.

"స్కేలు పట్టుకుని మరీ తిరిగాడా అన్నయ్యా?"

"అదే అర్థం కావట్లేదు!"

అర్థం కాకపోతే కొంప మునిగినట్టే. సోమవారం మ్యూజియం ఆఫీసరు వస్తున్నాడు. వీటిలో మేలైనది ఏరి పెడితే, మ్యూజియంలో నాణేల గది మొత్తం గ్రేడరు చేతికే.

అప్పుడే ఒక ముసలావిడ వచ్చి, శాలువా సర్దుకుని, ఎదురుగా కూర్చుంది.

"పాప బొమ్మ నాణేలొచ్చాయట. గీత ఉన్నది ఒకటి ఇస్తావా బాబూ?"

"గీత లేనివి పదమూడున్నాయి పెద్దమ్మా," అన్నాడు లెన్సులోంచి కన్ను తియ్యకుండా.

"గీత ఉన్నదే కావాలి."

"అవి దెబ్బతిన్నవి."

"దెబ్బే. కానీ నాణేనికి కాదు."

ఉన్న తికమక చాలదన్నట్టు ఇదొకటి.

"మీరేమైనా గ్రేడరా?"

"కాదు నాయనా. ఆ మొహం నాకు అలవాటు."

"అలవాటుకి మార్కులుండవు. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. నాణెం మీద ఈగ వాలితే ఏ కాలు ముందు మోపిందో చెప్తా."

"పోనీ, ఒక్కటివ్వు. నా దగ్గర ఒక్కటీ లేదు."

"దెబ్బతిన్న సరుకు నా గడప దాటితే నా పేరేం కాను?"

ఆవిడ అరగంట కూర్చుంది. చెల్లెలు మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయింది.

ఇంకెవరూ వచ్చి బుర్ర తినకుండా, గ్రేడరు ఆ ఏడింటినీ వెండిపని చేసేవాడికి పంపేశాడు. సాయంత్రానికి అవి చెంచా అయి తిరిగొచ్చాయి. చెంచా మీద ఒక్క గీత లేదు. నూటికి నూరు వేశాడు.

సోమవారం ఆఫీసరొచ్చాడు. చెల్లెలు టీ పెట్టింది. ఆయన పదమూడూ తిరగేశాడు.

"బుగ్గ మీద గీత ఉన్నవి లేవా?"

"గీత... ఉన్నవా?"

"అచ్చు చెక్కినాయన సొంత కూతుర్ని చూసి చెక్కాడండీ. ఆ పిల్ల బుగ్గ మీద గాటు ఉంటే అదీ చెక్కాడు. పైవాళ్ళు తీసెయ్యమంటే, 'నా కూతురు ఇలాగే ఉంటుంది' అన్నాడు. ఆయన్ని పనిలోంచి తీసేసి, అచ్చులో గాటు చెరిపేసి మిగతావి కొట్టారు. ముందు కొట్టినవాటిలో ఒక్కటి దొరికినా చాలు, ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాం."

అని కొత్త చెంచాతో టీ కలుపుకున్నాడు.

గ్రేడరు ఆ చెంచాకేసే చూస్తున్నాడు.

"ఆ కూతురైనా కనబడితే బాగుండు. ఎక్కడుందో ఏమో!"

చెల్లెలు మెల్లగా అంది:

"అన్నయ్యా, మొన్న అరగంట నీ ఎదురుగానే కూర్చుంది కదా, ఆవిడ బుగ్గ నువ్వు చూడలేదా?"