కొత్త కోడ్ అడిగిన ప్రశ్న

ఆసుపత్రి బిల్లింగ్ గదిలో ఆమె కోడ్ కొట్టగానే తెర మీద ఎర్ర గీత పడింది.

నిన్నటిదాకా పనిచేసిన కోడే. తుంటి ఎముక విరిగిందంటే అదొక్కటి కొడితే సరిపోయేది. బీమా కంపెనీ నోరెత్తకుండా ఒప్పుకునేది.

బీమా కోసం ఒక్కో జబ్బుకి వేసే కోడ్లు ఏటా ఈ రోజున మారతాయి. కొన్ని చస్తాయి, కొన్ని పిల్లల్ని పెడతాయి. ఇది రెండు పనులూ చేసింది.

గట్టి ఎముక పడి విరిగితే ఒక కోడ్. జబ్బుతో డొల్లబారిన ఎముక విరిగితే ఇంకొకటి.

మొదటిది ప్రమాదం కింద లెక్క, బీమా వస్తుంది. రెండోది పాత జబ్బు. దాచిపెట్టారంటూ బీమావాళ్లు చేతులెత్తేస్తారు.

"డాక్టర్ని అడక్కుండా ఏదో ఒకటి కొట్టెయ్యకు తల్లీ," అన్నాడు పక్క సీటాయన. "పొద్దున్నుంచి మనవాళ్లు అదే పని చేసి తిట్లు తింటున్నారు."

ఆమె ఫైలు మీద పేరు చదివింది. మళ్లీ చదివింది.

విడాకులు తీసుకున్నంత మాత్రాన, ఆ ఇంటిపేరు చూస్తే ఒళ్లు మండటం మానదు.

"ఇది ఇంకెవరైనా చూస్తే బావుంటుంది."

"ఏం?"

"మా అత్తగారు. మాజీ."

"బంధువుల ఫైలైతేనే మార్చాలి. మాజీలకి రూలేం లేదు." ఆయన నవ్వు ఆపుకున్నాడు. "వెళ్లు. ఆపరేషన్ ఈ పూటే."

వార్డులో పెద్దావిడ కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. పక్కనే కొడుకు, చేతిలో ఫోను.

"దీన్ని ఎవరు రానిచ్చారు?" అంది పెద్దావిడ.

"నా ఉద్యోగం ఇక్కడే."

"కాపురం కూల్చింది చాలక, కాలు విరిగితే చూసి సంతోషించడానికి వచ్చావా?"

"డాక్టర్‌గారి కోసం వచ్చాను. మీ కోసం కాదు."

మాజీ మొగుడు లేచి అడ్డంగా నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"బీమా ఫైలు నీ దగ్గరుందా?"

"ఉంది."

"పిచ్చి వేషాలు వేశావంటే ఉద్యోగం ఊడగొట్టిస్తా."

"కాపురం చేసినన్నాళ్లూ ఇదే మాట అన్నావు. ఇంకోటి నేర్చుకో."

అతను పళ్లు నూరాడు. అంతలో డాక్టర్ వచ్చాడు కాబట్టి సరిపోయింది.

ఆమె ఫైలు తెరిచి చూపించింది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది అని మాత్రమే ఉంది. ఎముక ఎలాంటిదో కొత్త కోడ్‌కి కావాలి.

"కోడ్ సంగతి ఎలా ఉన్నా, అది ముందు నాకు కావాలి," అన్నాడు డాక్టర్. "ఎక్స్‌రేలో సరిగ్గా తేలడం లేదు. గట్టి ఎముకైతే మామూలు స్క్రూలతో బిగిస్తాను. డొల్లదైతే అవి పట్టవు, ఊడివస్తాయి. ఈ వయసులో రెండోసారి కోస్తే మనిషి లేచి నడవడం కష్టం."

మంచం వైపు తిరిగాడు.

"ఎముకల బలానికి ఎప్పుడైనా మందులు వాడారామ్మా?"

"మా అమ్మకి ఏ జబ్బూ లేదు డాక్టర్. గుండ్రాయిలా ఉంటుంది," అన్నాడు కొడుకు.

"నేను అడిగింది ఆవిడని."

పెద్దావిడ డాక్టర్ని చూడలేదు. మాజీ కోడల్ని చూసింది.

ఆ చూపు ఆమెకు తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసే చూపు. అందులో బతిమాలడం ఏ కోశానా లేదు.

"లేదు," అంది పెద్దావిడ. "ఏనాడూ ఒక్క మాత్ర మింగి ఎరగను."

డాక్టర్ పెన్ను కాగితం మీద పెట్టాడు.

ఫైల్లో ఉన్నదే కోడ్ చేయాలి. బుర్రలో ఉన్నది బుర్రలోనే ఉండాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠం అది.

నోరు మూసుకుంటే చాలు. బీమా వస్తుంది. వాళ్లే దండం పెడతారు.

ఆ తర్వాత స్క్రూలు ఊడతాయి.

ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేరు.

"వాడారు," అంది.

పెన్ను ఆగింది.

"వారానికో మాత్ర. పరగడుపున వేసుకుని, కాసేపు నడుం వాల్చకుండా కూర్చోవాలి."

"మీకెలా తెలుసు?"

"షాపు నుంచి తెచ్చింది నేను. గ్లాసుతో నీళ్లు అందించింది నేను."

"చూశారా డాక్టర్?" కొడుకు ముందుకొచ్చాడు. "పగ. బీమా పోవాలని, మేం రోడ్డున పడాలని అబద్ధాలాడుతోంది. అమ్మా, నువ్వు చెప్పు. అబద్ధమని చెప్పు."

పెద్దావిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

డాక్టర్ రాసిన ముక్క కొట్టేశాడు. నర్సును పిలిచాడు.

"ఆ స్క్రూలు వెనక్కి పంపించండి. ఎముక పరీక్ష చేశాకే ఆపరేషన్."

కొడుకు ఫోను జేబులో కుక్కుకున్నాడు. "నీ కడుపు చల్లబడిందా?" అన్నాడు మాజీ పెళ్లాంతో.

ఆమె ఫైలు మూసింది.

డాక్టర్ ఇంకా మంచం దగ్గరే ఉన్నాడు.

"ఆ మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నారా అమ్మా?"

కొడుకు తల్లి వైపు చూశాడు. అతనికి తెలియదు.

పెద్దావిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఇది ఇంట్లోంచి పోయాక ఎవడు తెచ్చాడని?"