అడ్రసు రాసిన కవర్లు

అటక మీద పాత బొంతల వెనక దొరికిన రేకు పెట్టెను కిందికి దించగానే అమ్మ ముఖం పాలిపోయింది.

"ఇది మా తమ్ముడు ఓడలో పనికి తీసుకెళ్ళిన పెట్టె. ఇక్కడికెలా వచ్చిందే?"

మామయ్య ఒట్టి బద్ధకస్తుడట. అందుకే అమ్మ రెండు డజన్ల కవర్ల మీద ఇంటి అడ్రసు తనే రాసి, ఈ పెట్టెలో పెట్టి పంపింది. మొదట్లో నాలుగు ముక్కలు రాశాడు. తర్వాత ఆ కవర్లలో తెల్ల కాగితాలే వచ్చాయి. చూపులేని అమ్మమ్మ పక్కన కూర్చుని, అమ్మ వాటినే చదివేది: "అమ్మా, నేను కులాసా..."

"అమ్మ పోగానే ఆ తెల్ల కాగితాలూ మానేశాడు వెధవ. నలభై ఏళ్ళుగా వాణ్ణి ఆడిపోసుకుంటూనే ఉన్నా."

పెట్టె తెరిచాను. మడతపెట్టిన మామయ్య చొక్కాలు. వెళ్ళిన ఏడాదే ఆయన పోయాడని ఓడ కంపెనీ రాసిన కాగితం. దాని కింద, అమ్మ చేత్తో అడ్రసు రాసిన కవర్లు ఇంకా మూడు. వాటిలో ఒకటి అంటించి, పోస్టు చేయకుండా ఉంది. చింపి చూస్తే తెల్ల కాగితం. ఆ కవర్లకు చుట్టి ఉన్న జపమాలను చూసి, "ఇది మా అమ్మది," అంది అమ్మ.

ఆ తెల్ల కాగితాన్ని చాలాసేపు తడిమింది. తర్వాత నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"చదవవే," అంది.